రైలుబండి పద్యమునకు ధూమచంద్రికా వ్యాఖ్య

అవతారిక

మహాకవుల కావ్యములకు వ్యాఖ్యానములు వ్రాయదగిన మహాపండితులు మాకంటె ముందే పుట్టి, వ్రాయవలసినదంతయు వ్రాసి, తరువాతివారికి కాగితపుటంచులు కూడ మిగుల్పక వెడలిపోయిరి గనుక, ఈ కాలమున వ్యాఖ్యాత కావలెనని కోరిక పుట్టినవానికి సంసారుల నోట జాఱిన చిల్లర పద్యములే శరణ్యములు. అట్టి పద్యమొకటి ఏలూరిలో పవరుపేట స్టేషనునకు దాపుననున్న ఒక టీకొట్టు బల్లమీద, రైళ్ళ వేళల కాగితము వెనుకవైపున పెన్సిలుతో వ్రాయబడియుండి మాకు లభించినది. కాగితమునకు ఒక మూల టీ మరకయు, మఱియొక మూల నూనె మరకయు గలవు. రెండవది ఆవకాయదియే యని మేము నిర్ణయించితిమి. అందులకు అంతఃప్రమాణము పద్యమునందే యున్నది.

కవి తన పేరు చెప్పుకొనలేదు. చెప్పుకొనినచో మొదటి విమర్శ వంటింటినుండియే వచ్చునని యాతడు తలచియుండును. శైలినిబట్టియు, జేబునెడల గల ఏకాగ్రతనుబట్టియు, ఇతడు పవరుపేటలో కాపురముండి, దినదినము రైలుమీద తాడేపల్లిగూడెము పోయి, అచ్చటి ఉల్లిపాయల మార్కెట్టులో ఒక కొట్టున గుమాస్తాగిరి చేయుచున్న సీజను టిక్కెట్టు గృహస్థుడని మా యూహ.

మూలమున లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది చెప్పననియు మల్లినాథసూరి తన వ్యాఖ్యల మొదట ప్రతిజ్ఞ చేసికొనెను. ఆయన మెదకుసీమ తెలుగువాడు, మాకు పూజ్యుడు. అయినను ఆ ప్రతిజ్ఞలో మొదటి సగమును పాటించినచో ఈ వ్యాఖ్య నాలుగు పంక్తులలో ముగిసిపోవును, రెండవ సగమును పాటించినచో మొదలే కాదు. కావున ఆయనకు నమస్కరించి, ఆయన ప్రతిజ్ఞను ఆయనకే వదలి, మా దారిని మేము పోవుచున్నాము. వ్యాఖ్యకు ధూమచంద్రిక యని పేరు. పొగలో వెన్నెల కనబడుట యెట్లని యెవ్వరైన నాక్షేపించినచో, వ్యాఖ్యలలో అర్థము కనబడుట మాత్రము ఎన్నడు చూచితిరని మా ప్రత్యుత్తరము.

మూలము

ఆ. రైలుబండి జూడ రమ్మని పిల్లలు
పట్టుబట్టి యేడ్వ భార్య నవ్వె
నత్తగారు గట్టె నావకాయన్నమున్
మగఁడు జేబు జూచి మౌనియయ్యె.

ప్రతిపదార్థము

రైలుబండిన్ = ఇనుపపట్టాలపై పరుగెత్తుటకు పుట్టి, ఇప్పుడు పరుగెత్తకుండుటచేతనే గౌరవమును పొందిన శకటమును; చూడన్ = కన్నులతో చూచుటకు, ఎక్కుటకు గాదని భావము; రమ్మని = మీరును రావలెనని, అనగా ఖర్చు మీరే పెట్టుకొనవలెనని; పిల్లలు = ఒక కొడుకును ఒక కూతురును, ఈ విషయమున బహువచనమునకు ఇద్దఱు చాలుదురు; పట్టుబట్టి = పలక, పుస్తకము, పాలగ్లాసు మున్నగువానిని త్యజించి; ఏడ్వన్ = కన్నీటితో పనిలేకయే ఏడ్చుచుండగా; భార్య = ఈ యేడుపునకు ముందటి రాత్రియే అనుమతి యిచ్చియున్న యిల్లాలు; నవ్వెన్ = ఏమియు నెఱుగనట్లు నవ్వెను; అత్తగారు = వివాదాస్పదము, ముందు విచారింపబడును; ఆవకాయన్నమున్ = ఆవకాయతో కలిపిన అన్నమును; కట్టెన్ = మూటగట్టెను, దీనితో ప్రయాణము నిశ్చయమైపోయినదని యర్థము; మగఁడు = సంపాదించుటయందు కర్తయు, వ్యయమునందు కరణమునైన పురుషుడు; జేబున్ = చొక్కాజేబును, లక్షణచే అందలి లేమిని; చూచి = అవలోకించి; మౌని = మాటలాడుటవలన ప్రయోజనము లేదని తెలిసినవాడు; అయ్యెన్ = ఆయెను.

తాత్పర్యము

పిల్లలు అడిగిరి, ఆడవారు ఏర్పాటు చేసిరి, మగవాడు ఒప్పుకొనినట్లు లెక్కవేయబడెను.

విశేషములు

"రైలుబండి జూడ": ఇచ్చట మొదటనే విరోధాభాసము తోచును. పవరుపేట పిల్లలకు రైలు క్రొత్తయా? చెన్నపురినుండి హౌరాకు పోవు పెద్దలైను వారి యూరినుండియే పోవుచున్నది. కోరమాండల్ పోవునపుడు గోడనున్న కాలెండరు ఊగుటయు, బొగ్గు గూడ్సు పోవునపుడు అటకమీది గిన్నెలు మోగుటయు వారు ఉయ్యాలలో నుండియే యెఱుగుదురు. కూతనుబట్టి అది తండ్రి వచ్చు బండియో కాదో చెప్పగల ఆ పిల్లలు రైలును చూపుమని యేడ్చుట యెట్లు పొసగును?

పొసగును. నడచుచున్న రైలును చూచుటకు లోకమున నెవ్వడును టిక్కెట్టు కొనడు. అది నడచుట మానిన పిమ్మట రంగు వేసి, చుట్టును కంచె కట్టి, ముందు ఒక పలక నిలువబెట్టినచో బారులు తీరి కొందురు. కవుల విషయమునను లోకము ఈ నియమమునే పాటించుచున్నది గనుక, రైలు దీనికి చిన్నబుచ్చుకొనవలసిన పని లేదు. ఇక తండ్రి మాట వేఱు. దెందులూరు, సీతంపేట, భీమడోలు, పూళ్ళ, కైకరము, చేబ్రోలు, ఉంగుటూరు, బాదంపూడి యను స్టేషనుల పేర్లను కన్నుమూసికొని అప్పజెప్పగల ఆయనకు, సెలవునాడు రైలు కంటబడకుండుటయే పరమసుఖము. ఆ సెలవునాడే రైలును చూచుటకు రైలెక్కి పోవలెనట. కవి ఇచ్చట కరుణరసమును గొంతు నొక్కి యుంచెను.

"ఏ యూరి రైలుబండి?": కవి చెప్పలేదు. ఏలూరిలో రైలు ప్రదర్శనశాల లేదు. కాబట్టి వ్యాఖ్యాతలలో మతభేదములు పుట్టినవి.

ఢిల్లీ యని కొందఱు. అచ్చట చాణక్యపురిలో 1977 ఫిబ్రవరి 1వ తేదీన తెఱవబడిన జాతీయ రైలు ప్రదర్శనశాల దేశమున అన్నిటికంటె పేరుగొన్నది. ఒక చక్రము పట్టామీదను, వేఱొక చక్రము బాటమీదను మోపి నడచిన పటియాలా సంస్థానపు ఒంటిపట్టా రైలు అందే కలదు. పిల్లలు ఏడ్చినచో అంత దానికై యేడ్వవలెను గాని తక్కువదానికై యేడ్చుట యెందులకని వారి వాదము. ఈ పక్షము నిలువదు. పద్యమున కట్టబడినది ఆవకాయన్నము. ఆవకాయ సంవత్సరము నిలుచును గాని అన్నము నిలువదు; సమాసములో దుర్బలపదమే ప్రమాణము. రెండు రాత్రుల ప్రయాణమునకు కొల్లేటిసీమ యిల్లాలెవ్వతెయు అన్నము కట్టదు, జంతికలు చేయును.

మైసూరని కొందఱు. అది 1979లో వెలసినది, అందు మహారాణిగారి ప్రయాణపు పెట్టె కలదు, నిజమే. కాని మైసూరు ప్రసక్తియున్న తెలుగు పద్యమున గంధపుచెక్క సబ్బు లేకుండుట అసంభవము గనుక దీనిని ఇంతటితో విడుచుచున్నాము.

చెన్నపురి యనువారి పక్షమున కొంత బలమున్నది. 1955లో పెరంబూరున వెలసిన రైలుపెట్టెల కర్మాగారము వారి ప్రదర్శనశాల అచ్చట 2002 నుండి యున్నది. దక్షిణదేశపు మొదటి ప్రయాణికుల రైలు 1856లో రాయపురమునుండియే బయలుదేఱినది. మన తీరపులైను చిరకాలము మదరాసు కంపెనీల చేతిక్రిందనే నడచినది గనుక పిత్రార్జితమును చూడబోయినట్లును ఉండును. రాత్రి బండి ఎక్కినచో తెల్లవాఱుసరికి చేరవచ్చును, అన్నమును పాడుకాదు. అన్నియు సరిపడినను ఒక్కటి సరిపడదు. చెన్నపురికి పోయి తియాగరాయనగరమున చీరెల కొట్లను చూడక తిరిగివచ్చిన గోదావరిజిల్లా కుటుంబము చరిత్రలో లేదు. ప్రయాణము అచ్చటికే యైనచో మగడు మౌని కాడు, మూర్ఛితుడగును. కవి "మౌని" యనియే యన్నాడు.

రాజమహేంద్రవరమని నాలుగవ పక్షము. అచ్చట ప్రదర్శనశాల లేకున్నను హేవలాకు వంతెన కలదు. 1897లో కట్టుట మొదలిడి 1900లో రైళ్ళు నడిపి, 56 ఖానాలతో, రెండున్నర కిలోమీటర్లకు మించిన పొడవుతో గోదావరిని దాటిన ఆ వంతెన, ప్రక్కన కమానుల వంతెన పూర్తియైన 1997లో పని మాని, నాటినుండి రైలు లేక నీటిలో నిలిచియున్నది. అదియే మన ప్రదర్శనశాల యని వీరి భావము. భావము మెచ్చదగినదే, దీనికి మఱల వత్తుము. అయినను పద్యమున నున్నది రైలుబండి, వంతెన గాదు. పైగా ప్యాసింజరు బండిలో గోదావరి స్టేషనుకు పోయివచ్చుటకు జేబు చూడవలసిన యవసరమే లేదు, జేబులో అంతమాత్రము ఎప్పుడును ఉండును.

కావున పరిశేషన్యాయమున సిద్ధాంతమేమనగా, అది కాచిగూడ. 1916లో, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలమున, గుమ్మటములతోను బురుజులతోను కట్టబడి, రాజభవనమునుండి తప్పిపోయి పట్టాల ప్రక్కకు వచ్చి నిలిచినదో యనిపించు ఆ స్టేషనులోనే రైలు ప్రదర్శనశాల కలదు. రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్సు ఎక్కినచో తెల్లవాఱుసరికి సికింద్రాబాదు. 1974నుండి మన జిల్లాల జనము హైదరాబాదునకు పోయి రాజధాని పనులు చక్కబెట్టుకొని వచ్చినది ఆ బండిమీదనే. ఒక రాత్రి, ఒక మూట అన్నము, ఒక జేబు. మూడును సరిపోయినవి.

"అత్తగారు": ఎవరికి అత్తగారు? ముందు "భార్య" యున్నది, వెనుక "మగడు" ఉన్నాడు, నడుమ నిలిచిన అత్తగారు ఇరువురిలో నెవ్వరికైనను కావచ్చును. భార్యకు అత్తగారని, అనగా మగనికి తల్లియని ప్రాచీనులు. మేమొప్పము. తల్లియే యైనచో కొడుకు మౌని కావలసిన పనిలేదు. "ఇప్పుడెందుకమ్మా, జీతం రానీ" అనును, ఆమెయు "సరేలే నాయనా" అనును, పద్యము రెండవ పాదముననే ఆగిపోవును. నోట మాట వచ్చియు మింగివేయవలసిన సందర్భము గోదావరిజిల్లా మగవానికి ఒక్కటే కలదు: పిల్లనిచ్చిన అత్తగారు ఎదుట నున్నపుడు జేబు ఖాళీయగుట. కావున అర్థాపత్తిచే ఈమె భార్యకు తల్లి. కూతురు నవ్వుటకు కారణమును దీనితో స్పష్టమైనది. తల్లి తన పక్షమున నున్నది.

ఈమెది కైకలూరు దరిని కొల్లేటిలంక. చిన్ననాడు తాటిదోనెలో కూర్చుండి నీటిపుల్లల నడుమనుండి బడికి పోయినది. రైలును మొదట చూచినది గుడివాడ భీమవరముల లైనుమీద, ఆకివీటి దాపున ఉప్పుటేరు వంతెనపై. ఆ లైను 1928లో పడినది. ఇప్పుడు కూతురింటికి వచ్చునపుడు బస్సు యడ్లగాడి వంతెన దాటి ఏలూరు చేరును, వరదరోజులలో రోడ్డుమీదికి నీరు వచ్చినచో చేరదు. ప్రయాణమనగానే కొల్లేటికోట పెద్దింట్లమ్మకు మ్రొక్కి, సంచిలో ఒక నిమ్మకాయ వేసికొనును.

కొల్లేటి అత్తగారు కొఱ్ఱమీను పులుసు తేకుండునా, అన్నముతో పాటు దానిని కట్టకుండునా యని యొక శంక. తెచ్చినది, కాని తెచ్చిన పూటనే అయిపోయినది. అదియుగాక ఎనిమిదిమంది పండుకొను అఱలో చేపలగిన్నె మూత తీసినచో తక్కిన పక్కలవారికి కోపమో ఆకలియో కలుగును. రెండును ప్రమాదమేనని ఆమెకు తెలియును.

"ఆవకాయన్నమున్": ఈ పదమువద్ద వ్యాఖ్యాత కొంచెము నిలువవలెను. పొడిపొడిగా వండిన అన్నమును వెడల్పు పళ్ళెమున ఆరబోసి, ఆవిరిపోయిన పిమ్మట ఆవపిండితో కూడిన ఎఱ్ఱని ఊటను, పై నూనెను వేసి, మెతుకు చిదుగకుండ అడుగునుండి పైకి కలుపవలెను. ఇంట తినునపుడు నెయ్యి వేయుదురు. ప్రయాణమునకు వేయరాదు, పేరుకొనును. ముద్దపప్పు అసలే కూడదు, పులియును. టెంక గల ముక్కలు పిల్లల కిద్దఱకును సమానముగా పంచినచో బండిలో తగవుండదు. అరటియాకును పొయ్యి సెగకు చూపి మెత్తబఱచి, అందు అన్నము పెట్టి, పైన కాగితము చుట్టి, దారము కట్టి స్టీలు డబ్బాలో నుంచవలెను. అత్తగారు ఇవన్నియు చేసినది. "గట్టె" యను ఒక్క క్రియలో కవి ఇంత పనిని దాచెను, మగవాడు గనుక.

మఱియొక రహస్యము. మూడవ పాదమున యతిస్థానము చూడుడు: మొదట అత్తగారు, నాలుగవ గణమున ఆవకాయ. అకారమునకు ఆకారము మైత్రి, నకారమునకు నకారము మైత్రి. ఈ మైత్రిని చెఱుపుటకు లక్షణకర్తయైన అప్పకవికిని అధికారము లేదు, అల్లునికిని లేదు.

రాత్రి ఎనిమిదింటికి ఇంట కడుపునిండ తిని బండి యెక్కినవారు, బండి వట్లూరు దాటకముందే ఈ మూట విప్పుదురు. ఇది ఆకలివలన గాదు. రైలు కదలినంతనే తెలుగువారికి తినవలసిన కాలమైనదను స్ఫురణ కలుగును. సగము అప్పుడే పోయినది, తక్కిన సగము మఱునాటి మధ్యాహ్నమునకు మిగిలెను.

ఇక ధ్వని. పద్యము ఇంటనే ముగిసినది, ప్రదర్శనశాలలో జరిగినది కవి చెప్పలేదు. చెప్పనిదానిని చెప్పుటకే ధ్వనిసిద్ధాంతము పుట్టినది గావున, మేము కుటుంబము వెంట కాచిగూడకు పోవుచున్నాము.

అచ్చటి కథానాయకుడు నిజాము రైల్వే. 1874లో వాడి జంక్షనునుండి సికింద్రాబాదునకు మొదటి లైను వచ్చినది. 1889లో బెజవాడ దాక సాగినది. 1930లో నిజాము ప్రభుత్వము కంపెనీనుండి దానిని కొనివేసినది. అల్లుడు ఈ సంవత్సరములను చదివి వినిపించుచుండగా అత్తగారికి ఒకచోట మాత్రము చెవి నిలిచినది. హైదరాబాదు గోదావరి లోయ రైల్వే యను పేరు విని,

"గోదావరంటే మన గోదారేనా అల్లుడు గారూ?" అని యడిగెను.

"మన గోదారేనండి, కాకపోతే పై గోదారి. సికింద్రాబాదునుంచి బాసర, నాందేడు మీదుగా మన్మాడు దాకా వేశారు. 1900 ప్రాంతంలో పూర్తయింది. మీటరుగేజి."

"అయితే మన గోదారి పేరు పెట్టుకుని మనదాకా రాలేదన్నమాట."

అల్లుడు దీనికి నిజాము ప్రభుత్వము తరఫున సమాధానము చెప్పలేకపోయెను. పిల్లవాడు మాత్రము మీటరుగేజి యనగా పట్టాల నడుమ సరిగా మీటరనియు, తమ యూరి లైను 1676 మిల్లీమీటర్ల పెద్దగేజి యనియు తెలిసికొని, ఆ యధికమునకు తానే కారణమైనట్లు చెల్లెలివంక చూచెను.

ఇట్టి శాలలన్నిటను తప్పక కనబడునది టోకెను పెట్టె. మనిషి యెత్తున ఇనుముతో చేసి, ఎఱ్ఱరంగు వేసి, ముందు గంటయు మీటయు నమర్చిన ఆ యంత్రములు రెండు స్టేషనులకు రెండు జతగా నుండును. నడుమ తీగ కలుపును. ఒక్కటే పట్టాజత యున్న మార్గమున ఎదురెదురుగా రెండు బండ్లు రాకుండుటకై దీనిని పెట్టిరి. ఈ స్టేషనుమాస్టరు గంట కొట్టి అడుగవలెను, ఆ స్టేషనుమాస్టరు సరేయనవలెను. అనిన పిమ్మటనే పెట్టె కడుపులోనుండి ఒక ఉక్కుబంతి జాఱి చేతికి వచ్చును. దానిని తోలుసంచిలో వేసి, పెద్ద బెత్తపు వలయమునకు కట్టి, ప్లాటుఫారము అంచున నిలుచుండి ఎత్తిపట్టినచో, పోవుచున్న ఇంజనునుండి ఫైరుమాను చేయి చాచి తన భుజమునకు తగిలించుకొనెడివాడు. ఆ బంతి ముందు స్టేషనులోని పెట్టెలో పడువఱకు రెండు పెట్టెలలో ఏదియు వేఱొక బంతిని విడువదు. బంతి లేని డ్రైవరు కదలరాదు, ఎంత తొందరయున్నను.

అల్లుడు దీనిని రెండు విధముల చెప్పిచూచెను, పిల్లలకు తెలియలేదు. అత్తగారు కొంగు సవరించుకొని,

"బీరువా తాళాలు రా అబ్బాయీ. మా అత్తగారి నడుమున ఉన్నంతసేపూ నేను బీరువా జోలికి పోకూడదు. ఆవిడ తీసి నా చేతిలో పెడితే నాది. రెండో జత చేయించుకుందామంటే కంసాలి చెయ్యడు" అనెను.

పిల్లలకు తక్షణము బోధపడెను. మా వ్యాఖ్యలోను దీనికంటె స్పష్టమైన వాక్యము లేదు.

దాని ప్రక్కన అట్టటిక్కెట్టులకు తేదీ కొట్టు యంత్రము. బొటనవ్రేలంత వెడల్పు గల దళసరి అట్ట; ఆంగ్లేయుడైన థామస్ ఎడ్మండ్సను కనిపెట్టిన పద్ధతి; నంబరు వరుసగా ముందే అచ్చుపడియుండును గనుక అమ్మినవాడు ఒక్క టిక్కెట్టును కాజేయుటకు వీలుపడదు. నోటిలో టిక్కెట్టు పెట్టగానే టక్కుమని తేదీ పడును. ఆ చప్పుడు మాట రాగానే మగని ముఖమున మొదటిసారిగా వెలుగు వచ్చెను. తాడేపల్లిగూడెము కిటికీవద్ద బాల్యమున తండ్రి చేయిపట్టుకొని నిలుచుండి విన్న చప్పుడట. "దీంట్లో స్కాను చేసేది ఏది నాన్నా?" యని కూతురడిగెను. వెలుగు పోయెను.

అంతయు చూచి, బయటి అరుగుపై కూర్చుండి, మిగిలిన అన్నమును ముగించి, చేయి కడిగికొనిన పిమ్మట అత్తగారు ఒక ప్రశ్న వేసెను. ఈ వ్యాఖ్య యంతయు ఆ ప్రశ్నకొఱకే వ్రాయబడినదని చెప్పినను తప్పులేదు.

"అన్నీ బాగున్నాయి గానీ, మన లైను సంగతి ఎక్కడ చెబుతారు?"

మన లైనుకును చెప్పుకొనదగిన సంగతి కలదు. నిజాము రైలు బెజవాడ చేరిన 1889 నాటికి ఏలూరికి రైలు లేదు. గోదావరి కాలువయు కృష్ణ కాలువయు కలిసికొను మన ఏలూరి లాకులయొద్ద పడవలుండినవి. తీరపులైను బెజవాడకును కటకమునకును నడుమ 1893నుండి 1896దాక ముక్కలు ముక్కలుగా తెఱవబడినది. రైలు కొవ్వూరివఱకు వచ్చి ఆగుటయు, జనము దిగి గోదావరిని పడవపై దాటి రాజమహేంద్రవరమున మఱల రైలెక్కుటయు 1900లో వంతెన పడువఱకు జరిగినది. ఆ మఱుసటి యేడు వాల్తేరు బెజవాడల నడిమి భాగము మదరాసు రైల్వేకు పోయినది. 1908లో మదరాసు దక్షిణ మహారాష్ట్ర కంపెనీకి. 1951లో దక్షిణ రైల్వేకు. 1966 అక్టోబరు 2వ తేదీన దక్షిణమధ్య రైల్వేకు. ఇన్ని యిండ్లు మాఱినవాని సామాను ఒక్కచోట నుండుట కష్టము. నిజాము రైల్వేకు ఒక రాజు, ఒక రాజధాని, ఒక గుమ్మటముల స్టేషను ఉండినవి. మన లైనుకు యజమానులు ఎప్పుడును ఎక్కడనో దూరమున నుండిరి. అందుచే పొరుగువారి వంశవృక్షమును చూచుటకు మనము రాత్రంతయు ప్రయాణము చేయవలసివచ్చుచున్నది. రాజమహేంద్రవర పక్షమువారు ఓడిపోయినను తప్పు మాటలాడలేదని మేము ఇప్పుడు ఒప్పుకొనుచున్నాము: ఆ పాతవంతెన మొగదలను ఒక చిన్న శాల కట్టినచో, అందుంచదగిన మొట్టమొదటి పెద్ద వస్తువు ఇదివఱకే సిద్ధముగా నీటిలో నున్నది.

"మౌని": ఈ పదమునకు పూర్వవ్యాఖ్యాతలు దారిద్ర్యమునే కారణముగా చెప్పిరి. అది సగమే సత్యము. తిరుగుప్రయాణమున పిల్లలు ఒకరి ఒడిలో నొకరు నిద్రించుచుండగా, భార్య లెక్క అడుగుచుండగా, అత్తగారు వచ్చే వేసవికి మఱి చెన్నపురి యనుచుండగా, ఆయన కిటికీవద్ద కూర్చుండి ఖమ్మము దాటువఱకు ఏమియు పలుకలేదు. టిక్కెట్టు యంత్రపు చప్పుడును గూర్చి ఆలోచించుచుండెనని మా మతము. మఱునాటి బండి ఏడింటికే గదాయని భార్య మతము. రెండును గ్రాహ్యములే, భార్య మతమునకు ప్రాబల్యము.

ఇట్లు వ్యాఖ్య ముగిసినది. చదువరులకు ఒక మనవి. ఏలూరునందును, తాడేపల్లిగూడెమునందును, నిడదవోలునందును రైల్వేలో పనిచేసి విశ్రాంతి గొన్నవారి యిండ్ల అటకలమీద పాత అట్టటిక్కెట్లు, ఎఱుపు పచ్చ అద్దముల చేతిదీపములు, ఇత్తడి బొత్తాములు, ఈలలు, కాలపట్టికలు, స్టేషను ముందు తీయించుకొనిన ఫోటోలు ఇంకను ఉన్నవి. పాతసామాను కొనువాడు వీధిలో కేకవేసినపుడు వానిని నిలుపకుడు. ఆ వస్తువు ఎవరిదో, ఏ స్టేషనులో వాడిరో, ఏ కాలముదో ఇంటిలోని పెద్దవారిని అడిగి, ఒక చీటిమీద వ్రాసి, దారముతో దానికి కట్టి లోపల పెట్టుడు. అడుగవలసిన పెద్దవారు ఉండగానే ఈ పని చేయుడు.